తోళ్ల బేరగాడు పేరయ్య గారు

నా మనవలకూ మనవరాళ్లకూ,

ప్రభువు నామంలో వందనాలు. "సువార్త చెప్పడమంటే మైకు పట్టుకోవాలా తాతయ్యా? అది మావల్ల కాదు" అని పోయినసారి అడిగారు కదా. దానికి జవాబుగా మన ఒంగోలు వైపు జరిగిన సంగతి రాస్తున్నాను.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని సండే స్కూల్లో విన్నారు. అందరికీ ఆ అంకె గుర్తుంటుంది. నాకు మాత్రం అంతకు పదకొండేళ్ల ముందు సంగతే ఎక్కువ ఇష్టం.

తాళ్లకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య గారని ఉండేవారు. తోళ్ల బేరం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు ఒక చుట్టం ద్వారా యేసు ప్రభువు గురించి విన్నారు. 1866లో భార్య నాగమ్మ గారితో కలిసి బాప్తిస్మం పొందారు. ఆ తర్వాత కొత్త మనుషుల కోసం వెతకలేదు. ఎప్పుడూ తిరిగే పల్లెలకే వెళ్లి, తన మాదిగ బంధువులతోనే కూర్చుని మాట్లాడారు. అంతకుముందే యోగ సాధన చేసినవారు కాబట్టి ఆయన మాటంటే వాళ్లకు గురి. 1867 జనవరిలో మిషనరీ జాన్ క్లౌ గారు ఒంగోలు నుంచి సుమారు 40 మైళ్లు ప్రయాణం చేసి తాళ్లకొండపాడు చింతతోపులో గుడారం వేస్తే, జనం తిండి మూటలు కట్టుకుని వచ్చి రోజుల తరబడి ఉండి విన్నారు. 28 మంది బాప్తిస్మం అడిగి తీసుకున్నారు. ఆ నేల దున్ని ఉంచింది పేరయ్య గారు.

ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. 1876-78 కరువులో క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి పని చూపించారు. కానీ ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం కలిశారన్న మాట ఎవరికీ రాకూడదని. మీరూ అంతే. హాస్టల్లో స్నేహితురాలి అమ్మకు ఆపరేషన్ అయితే టిఫిన్ పట్టుకెళ్లండి, రాత్రి తోడు పడుకోండి. దానికి బదులు చర్చికి రమ్మని మాత్రం అడగకండి. పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాడికి వాక్యం ఫార్వర్డ్ చేసి చేతులు దులుపుకోకండి, పక్కన కూర్చుని ఒక చాప్టర్ చదివించండి. "నీకింత నెమ్మది ఎక్కడిది?" అని తనే అడిగిన రోజున దాచకుండా చెప్పండి. ఆ జవాబు సాత్వికంతో చెప్పమన్నాడు యేసు శిష్యుడు పేతురు. వద్దంటే అక్కడితో ఆపండి, స్నేహం మాత్రం ఆపకండి.

వినడానికి ఇష్టపడితే అసలు పని అప్పుడు మొదలవుతుంది. బైబిల్లో అపొల్లో అని ఒకాయన ఉన్నాడు. మంచి వక్త, అయినా అతనికి తెలియనిది ఉందని గమనించిన అకుల, ప్రిస్కిల్ల దంపతులు నలుగురిలో తప్పు పట్టలేదు. తమ దగ్గర చేర్చుకుని వివరంగా చెప్పారు. శిష్యరికం అంటే నాకు తెలిసినంతలో అదే. వారానికో సాయంత్రం, ఇద్దరి మధ్య ఒక బైబిలు, మార్కు సువార్త మొదటి అధ్యాయం. అడిగినదానికి జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, ఆ ప్రశ్న నాకు రాయండి. సెలవులకు వచ్చినప్పుడు కలిసి వెతుకుదాం. ఆ స్నేహితుడికి రావాలనిపిస్తే వెంట తీసుకురండి, నానమ్మ భోజనం పెడుతుంది.

మీ తాతయ్య