రోగి మంచం దగ్గర విశ్వాసం: అపోహలు, వాస్తవాలు

ఆసుపత్రిలో రోగుల మధ్య సేవ చేసే పాస్టరుగా నాకు రెండు మాటలు తరచుగా వినిపిస్తుంటాయి: విశ్వాసముంటే మనిషికి అసాధ్యమనేదే లేదనేది ఒకటి, మనిషి చేతిలో అసలేమీ లేదనేది మరొకటి. బైబిలు మాత్రం ఈ రెండు స్థితులనూ ఒకే మనిషిలో చూస్తుంది. దేవుడు మనిషికి మహిమా ప్రభావములతో కిరీటం ధరింపజేశాడని 8వ కీర్తన చెబితే, అదే మనిషి ఆయువు గడ్డివంటిదని 103వ కీర్తన చెబుతుంది. ఒకదాన్ని పట్టుకొని రెండోదాన్ని వదిలేసిన చోటనే ఈ అపోహలు పుడుతున్నాయి.

అపోహ: నిజమైన విశ్వాసికి మందులు అక్కరలేదు; స్వస్థత కలగలేదంటే విశ్వాసం చాలలేదన్నమాట.

వాస్తవం: అపొస్తలుడైన పౌలు, తన శరీరంలోని ముల్లు అని తాను పిలిచిన బాధను తీసివేయమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు, అది తొలగిపోలేదు. కడుపు జబ్బుతో ఉన్న తన శిష్యుడు తిమోతికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని రాశాడు, తన సహచరుడు త్రోఫిమును రోగిగానే మిలేతు పట్టణంలో విడిచి వచ్చాడు, లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచాడు. ఈ నలుగురిలో ఎవరి విశ్వాసం తక్కువో చెప్పమని అడిగితే, ఇన్సులిన్ మానిపించి ఉపవాస ప్రార్థన పెట్టేవారు జవాబివ్వలేరు.

మన చిత్తూరు, కడప వైపు నుంచి నేటికీ రోగులు వెళ్లే వేలూరు ఆసుపత్రి వెనుక ఒక నిస్సహాయమైన రాత్రి ఉంది. తిండివనంలో మిషనరీలైన తల్లిదండ్రుల దగ్గరికి వచ్చిన యువతి ఐడా స్కడర్‌ను, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఆ ఒక్క రాత్రే ముగ్గురు వచ్చి అడిగారు. ఆమెకు వైద్యం రాదు. వైద్యుడైన ఆమె తండ్రిని, పురుషుడన్న కారణంతో వారు లోపలికి రానివ్వలేదు. ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్లి 1899లో వైద్య విద్య పూర్తి చేసి, 1900లో వేలూరులో సేవ ఆరంభించి, 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల తెరిచింది. గుంటూరుకు 1883లోనే వచ్చిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి 1898లో ప్రారంభమైంది. వైద్యాన్ని వద్దనే విశ్వాసమే అయితే ఈ ఆసుపత్రులు వెలిసేవి కావు.

అపోహ: జబ్బు పాపానికి శిక్ష.

వాస్తవం: పుట్టు గుడ్డివాడిని చూపి, ఎవరు చేసిన పాపమిదని శిష్యులు అడిగితే, వీడు గానీ వీని కన్నవారు గానీ పాపము చేయలేదని యేసు స్పష్టంగా చెప్పాడు. యెరూషలేములో సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది తక్కినవారికంటే పాపులా అని ఆయనే ఎదురు ప్రశ్న వేశాడు. పొగాకుకూ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ సంబంధం లేదని నేననడం లేదు. ఆ మాట డాక్టరు చెబుతాడు, పండ్ల సంచితో పలకరించడానికి వచ్చిన సంఘస్థులు చెప్పనక్కరలేదు.

అపోహ: విశ్వాసి ఏడవకూడదు, దేవుణ్ని ప్రశ్నించకూడదు.

వాస్తవం: 88వ కీర్తన స్తుతితో కాదు, చీకటితో ముగుస్తుంది. నీవు జ్ఞాపకం చేసికొనుటకు మనిషి ఏపాటివాడని 8వ కీర్తనలో కీర్తనకారుడు ఆశ్చర్యపోతే, కష్టాలపాలైన నీతిమంతుడు యోబు దాదాపు అదే ప్రశ్నను చేదుగా తిప్పి, మనిషికి అంత ప్రాముఖ్యం దేనికి, గుటక వేసేంతసేపైనా నన్ను విడిచిపెట్టవా అని అడిగాడు. యోబు గ్రంథం చివర దేవుడు కోపగించుకున్నది ఇలా అడిగిన యోబు మీద కాదు, తన పక్షాన వాదించిన అతని స్నేహితుల మీద. సిలువ మీద యేసు పలికిన మాటల్లోనూ ఒక ప్రశ్న ఉంది: నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచావు అని.

అపోహ: ఇక కోలుకోరని వైద్యులు తేల్చిన తరువాత వెంటిలేటర్ వద్దనడం అవిశ్వాసం, పైగా హత్యతో సమానం.

వాస్తవం: ఈ విషయంలో క్రైస్తవులందరిదీ ఒకే మాట కాదు. అయితే తప్పని మరణం దగ్గరపడినప్పుడు, బాధతో కూడిన జీవితాన్ని పొడిగించడం తప్ప వేరే ప్రయోజనం లేని చికిత్సను నిరాకరించవచ్చునని, మామూలు సంరక్షణ మాత్రం ఆపకూడదని కతోలిక సంఘం 1980లోనే ప్రకటించింది. మనిషి చేసిన యంత్రం గొప్పదే. దానికి ఉన్న హద్దును ఒప్పుకోవడం దేవుణ్ని కాదనడం కాదని నా అభిప్రాయం. ఐసీయూ తలుపు దగ్గర అన్నదమ్ములు వాదులాడుకునే పరిస్థితి రాకముందే ఇంట్లో ఈ సంగతి మాట్లాడుకోవాలి. తన కోరికను ముందుగానే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ విధానాన్ని సులభతరం చేయడంతో, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసిన ఆ పత్రాన్ని ఇప్పుడు నోటరీ చేత గానీ గెజిటెడ్ అధికారి చేత గానీ ధ్రువీకరింపజేసుకోవచ్చు.