ఫైనలైజర్‌ను ఎందుకు సాగనంపుతున్నారు?

2022 మార్చిలో వచ్చిన జావా 18 (ప్రోగ్రామింగ్ భాష జావాకి 18వ వెర్షన్), ఫైనలైజేషన్‌ను, అంటే అక్కర్లేని ఆబ్జెక్ట్‌ను పారేసే ముందు సర్దుబాటు కోడ్ నడిపే పద్ధతిని, మున్ముందు తీసేయబోయే వాటిలో చేర్చింది. దానికి వాడే ఫైనలైజ్ మెథడ్ (ఫైనలైజర్) 1996 నాటి తొలి వెర్షన్ నుంచీ, అన్ని క్లాసులకూ మూలమైన ఆబ్జెక్ట్ క్లాస్‌లోనే ఉంది. ప్రతి క్లాస్‌కీ పుట్టుకతోనే వస్తుంది.

సీ ప్లస్ ప్లస్‌లో బ్లాక్ ముగియగానే డిస్ట్రక్టర్ అనే ముగింపు మెథడ్ నడిచి, ఫైల్ అక్కడికక్కడే మూతపడుతుంది. జావా మెమరీ పనిని, వాడకంలో లేని ఆబ్జెక్టుల మెమరీని తనంతట తనే వెనక్కి తీసుకునే గార్బేజ్ కలెక్టర్‌కి అప్పగించింది. ఫైళ్లు, సాకెట్ల (నెట్‌వర్క్ కనెక్షన్ల) సంగతికి ఆబ్జెక్ట్‌ను పారేసే ముందు నడిచే ఫైనలైజ్ మెథడ్ పెట్టింది. అయితే అది ఎప్పుడు నడుస్తుందో, అసలు నడుస్తుందో లేదో హామీ ఇవ్వలేదు. చిక్కంతా అక్కడే.

కలెక్టర్ కనిపెట్టుకుని ఉండేది మెమరీనే. ఒక సర్వర్ రిక్వెస్టుకో ఫైల్ తెరిచి, మూసే పని ఫైనలైజర్‌కి వదిలేసిందనుకోండి. హీప్‌లో (ఆబ్జెక్టులు ఉండే మెమరీలో) బోలెడంత ఖాళీ ఉంటే కలెక్టర్‌కి తొందరేముంది? ఈలోగా ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ప్రాసెస్‌కిచ్చిన ఫైళ్ల కోటా అయిపోయి, ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ ఎర్రర్ వస్తుంది. ర్యామ్ పెంచి హీప్ పెద్దది చేస్తే కలెక్టర్ ఇంకా అరుదుగా నడిచి, సమస్య మరింత ముదురుతుంది. హీప్ చిన్నదైన టెస్ట్ మెషీన్‌లో ఏమీ బయటపడదు. టెన్షనంతా అసలు యూజర్లు వాడే ప్రొడక్షన్‌లోనే.

పైగా ఫైనలైజ్ లోపల ఆ ఆబ్జెక్ట్‌నే ప్రోగ్రామ్ నడిచినంతసేపూ ఉండే ఏ స్టాటిక్ వేరియబుల్‌లోనో దాచేస్తే, చచ్చిన ఆబ్జెక్ట్ లేచి కూర్చుంటుంది! అందుకే ఫైనలైజర్ నడిచాక కలెక్టర్ మళ్లీ ఓసారి చూసుకుని గానీ మెమరీ తీసుకోలేదు. పైథాన్‌లోనూ తిప్పలున్నాయి. ఒకదాన్నొకటి పట్టుకున్న ఆబ్జెక్టులకు డెల్ మెథడ్ (పైథాన్ ఫైనలైజర్) ఉంటే, 2014లో పైథాన్ 3.4 వచ్చేదాకా కలెక్టర్ వాటి జోలికే వెళ్లేది కాదు.

2002లో వచ్చిన సీ షార్ప్ భాష, పని తీరు వేరైనా ఫైనలైజర్‌కి సీ ప్లస్ ప్లస్ డిస్ట్రక్టర్‌లోని టిల్డా (~) గుర్తే పెట్టింది. నా లెక్కన అది కోరి తెచ్చుకున్న తలనొప్పి. కానీ ఫైల్‌ లాంటివాటిని మూసే డిస్పోజ్ మెథడ్‌ను, బ్లాక్ ముగియగానే దాన్ని పిలిచే యూజింగ్‌ను మొదటి నుంచే ఇవ్వడం మంచి పని. యూజింగ్ లాంటి పనే చేసే విత్ పైథాన్‌కి 2006లో, ట్రై-విత్-రిసోర్సెస్ జావాకి 2011లో వచ్చాయి. మూసే వేళను మళ్లీ ప్రోగ్రామర్ చేతికే ఇచ్చినట్టయింది. 2017లో జావా 9 ఫైనలైజ్‌ను వాడొద్దని చెప్పి, ఆబ్జెక్ట్ పోయాక సర్దుబాటు కోడ్ నడిపే క్లీనర్‌ను తెచ్చింది. చచ్చిన ఆబ్జెక్ట్ లేచే వీలు దీనిలో లేదు గానీ, ఇదీ కలెక్టర్ తీరికను బట్టే నడుస్తుంది. క్లోజ్ చేయడం మర్చిపోయినప్పుడు ఆదుకోవడానికి తప్ప దీన్నే నమ్ముకుని కోడ్ రాయకూడదు.

జావా 18లో ఫైనలైజేషన్‌ను ఆపేసే ఆప్షన్ ఉంది. దాన్ని పెట్టి పాత అప్లికేషన్‌ను కొంతసేపు లోడ్‌లో నడపండి. తెరిచి ఉన్న ఫైళ్ల సంఖ్య తగ్గకుండా పెరుగుతూ పోతుంటే, ఏదో ఒక లైబ్రరీ ఇంకా ఫైనలైజర్ మీదే ఆధారపడి ఉండొచ్చు.