నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఫైళ్లు వెతకడం: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లోని చిన్న ఆఫీసులకు కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసే పని నాది. బియ్యం మిల్లు కావచ్చు, ఆడిటర్ ఆఫీసు కావచ్చు, లారీ ట్రాన్స్‌పోర్ట్ కావచ్చు, ఫైళ్లన్నీ ఒక కంప్యూటర్‌లో ఉంచి, మిగిలిన వాటిలో దాన్ని జడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసుకోవడం, అంటే సొంత డ్రైవ్‌లా కనిపించేలా పెట్టుకోవడం, అన్నిచోట్లా ఉన్నదే. వినిపించే ఫిర్యాదు కూడా అన్నిచోట్లా ఒక్కటే: సెర్చ్‌లో కొడితే రావడం లేదు, కాబట్టి ఫైలు పోయింది. మరునాడు జీఎస్‌టీ రిటర్ను వేయవలసిన గుమాస్తాకు అది చిన్న సంగతి కాదని నాకు తెలుసు. అందుకే ముందుగా చెబుతున్నాను, సెర్చ్‌లో రానంత మాత్రాన ఫైలు లేనట్టు కాదు. ఆ భయం మీద నాకు సానుభూతే గాని, దానికి విరుగుడంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే చిట్కాల మీద మాత్రం బొత్తిగా ఓపిక లేదు.

అపోహ: ఎవరి కంప్యూటర్‌లో వారు జడ్ డ్రైవ్‌ను ఇండెక్స్ చేసుకోవాలి.

నష్టమంతా ఈ ఒక్క నమ్మకం దగ్గరే మొదలవుతుంది. ఇండెక్స్ అంటే ఏ మాట ఏ ఫైలులో ఉందో ముందే రాసిపెట్టుకునే పట్టిక. విండోస్ సెర్చ్ అనే సర్వీసు తానున్న కంప్యూటర్‌లోని డిస్కులకే ఇండెక్స్ తయారుచేస్తుంది; ఇండెక్సింగ్ ఆప్షన్స్ తెరిచి చూస్తే మ్యాప్ చేసిన డ్రైవ్ ఆ జాబితాలో అసలు కనిపించదు. ఎందుకంటే ఆ సర్వీసు లోకల్ సిస్టమ్ అనే విండోస్ సొంత ఖాతాతో నడుస్తుంది, జడ్ అనే అక్షరమేమో లాగిన్ అయిన మనిషికి మాత్రమే చెందినది, కనుక అలాంటి డ్రైవ్ ఒకటి ఉందనే సంగతే దానికి తెలియదు. పైగా, సొంత డిస్కులో ఏ ఫైలు ఎప్పుడు మారిందో ఎన్‌టీఎఫ్‌ఎస్ (డిస్కులో ఫైళ్లను అమర్చే విండోస్ పద్ధతి) ఒక జర్నల్‌లో రాసిపెడుతుంది, దాన్ని చూసి సర్వీసు మారిన ఫైళ్లనే మళ్లీ చదువుతుంది. నెట్‌వర్క్ మీద ఆ సౌకర్యం లేదు కాబట్టి, ఒకవేళ ఇండెక్స్ చేయనిచ్చినా ప్రతి కంప్యూటరూ మొత్తం ఫోల్డరును మొదటినుంచీ తిరగేస్తూ కూర్చోవలసి వస్తుంది. ధాన్యం గోదాములో ఉన్నప్పుడు స్టాకు రిజిస్టరు కూడా గోదాములోనే ఉండాలి గాని, ప్రతి గుమాస్తా తన ఇంట్లో ఒక రిజిస్టరు రాసుకుంటే లెక్క కుదురుతుందా?

కాబట్టి ఫైళ్లు ఏ కంప్యూటర్‌లో ఉన్నాయో ఇండెక్స్ కూడా అందులోనే తయారుకావాలి. అది మామూలు విండోస్ 10 లేదా 11 అయితే ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో మాడిఫై నొక్కి, షేర్ చేసిన ఫోల్డరుకు టిక్కు పెడితే సరిపోతుంది. సర్వర్ విండోస్ అయితే ముందు సర్వర్ మేనేజర్‌లోని ఫీచర్ల జాబితాలో విండోస్ సెర్చ్ సర్వీస్ ఉందో లేదో చూసి, లేకపోతే చేర్చి, సర్వీసెస్‌లో దాన్ని ఆటోమేటిక్‌గా మార్చి, ఆ తర్వాత ఫోల్డరును ఎంచుకోవాలి. మిగిలిన కంప్యూటర్లలో చేయవలసిన పనేమీ లేదు. ఎక్స్‌ప్లోరర్‌లో జడ్ డ్రైవ్ తెరిచి అక్కడి గడిలో వెతికితే, విండోస్ ఆ ప్రశ్నను అవతలి కంప్యూటర్‌లోని ఇండెక్స్‌కే పంపి జవాబు తెప్పిస్తుంది. స్టార్ట్ మెనూలో వెతికితే మాత్రం రాదు, ఈ తేడా తెలియక ఇండెక్స్ పనిచేయడం లేదని మళ్లీ ఫోన్ చేసేవారు చాలామంది ఉన్నారు.

జాబితాలో లేని డ్రైవ్‌ను ఎలాగైనా అందులోకి తేవాలనుకునేవారు పట్టుకునే అడ్డదారి ఆఫ్‌లైన్ ఫైల్స్. జడ్ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఆల్వేస్ అవైలబుల్ ఆఫ్‌లైన్ అని నొక్కితే ఫైళ్ల నకలు సీ డ్రైవ్‌లోకి దిగుతుంది, ఆ నకలు ఇండెక్స్ కూడా అవుతుంది, కనుక చిట్కా పనిచేసినట్టే కనిపిస్తుంది. విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఈ సదుపాయమే లేదు, కాబట్టి అది వాడేవారు ఈ ఒక్క విషయంలో అదృష్టవంతులు. గుణుపురం దగ్గర ఒక మిల్లు ఆఫీసులో అన్ని కంప్యూటర్లకూ ఎవరో ఇలాగే చేసి వెళ్లారు. కొన్నాళ్లకు క్యాషియర్ గారి సీ డ్రైవ్ నిండి గీత ఎర్రబడింది. ఇది నా దగ్గరున్న కాపీయే కదా అనుకుని ఆయన పాత సీజన్ల ఫోల్డర్లను తీసేశారు. అది సర్వర్‌లోని అసలుకూ వర్తించింది. నెట్‌వర్క్ మీదుగా తీసేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి రాదు, కనుక అక్కడ వెతికినా ప్రయోజనం లేకపోయింది. “బాబూ, నిరుటి ఖరీఫ్ ఫోల్డరు మొత్తం మాయమైపోయిందయ్యా” అని యజమాని ఫోన్ చేస్తే వెళ్లాను. ఆ పెద్దాయన మౌస్ ముట్టుకోవడానికి కూడా జంకి, చేతులు కట్టుకుని నా వెనక నిలబడ్డారు. సర్వర్‌లో షాడో కాపీలు, అంటే ఫోల్డర్ల పాత స్థితిని విండోస్ అప్పుడప్పుడు దాచిపెట్టే నకళ్లు, పెట్టి ఉండడం వల్ల ప్రీవియస్ వెర్షన్స్ నుంచి ఫోల్డర్లు తిరిగి తీయగలిగాను. అవి లేకపోతే కాగితాల కట్టలు విప్పి లెక్కలన్నీ మళ్లీ కొట్టుకోవలసి వచ్చేది. బయట తిరిగేవారి ల్యాప్‌టాప్‌లో ఒకటి రెండు ఫోల్డర్లకు ఆఫ్‌లైన్ ఫైల్స్ మంచిదే; ఆఫీసు మొత్తాన్ని అందులో దించడం, అదీ సెర్చ్ కోసం, ఎందుకూ పనికిరాని పని. ఒకే ఫైలును ఇద్దరు మార్చినప్పుడు నకలును అసలుతో సరిచూసే సింక్ సెంటర్ పెట్టే పేచీలు దీనికి అదనం.

విండోస్ లైబ్రరీలో (పలు ఫోల్డర్లను ఒకేచోట చూపే సదుపాయంలో) ఒక ఫోల్డరు చేర్చి, దాని స్థానంలో ఎమ్‌కేలింక్ అనే కమాండ్‌తో సర్వర్‌కు లింకు పెట్టే గారడీ ఇంకొకటి ఉంది. లైబ్రరీ మోసపోతుంది గాని ఇండెక్స్ తయారుకాదు. విండోస్ 10లో 2019 నుంచి ఉన్న కంప్యూటర్ మొత్తాన్ని ఇండెక్స్ చేసే ఎన్‌హాన్స్‌డ్ అనే ఎంపిక కూడా నెట్‌వర్క్ దాకా వెళ్లదు, ఆ కంప్యూటర్ వరకే. రీబిల్డ్ బటన్ అయితే లేని డ్రైవ్‌ను పుట్టించలేదు, ఉన్న ఇండెక్స్‌ను చెరిపి మొదటికి తెస్తుంది, అంతే.

అపోహ: సర్వర్‌లో ఇండెక్స్ పెడితే జీతాల ఫైలు అందరికీ కనిపిస్తుంది.

కనిపించదు. ఫోల్డరు మీద ఎవరికి ఏ అనుమతి ఉందో దాన్ని బట్టే ఫలితాలు వస్తాయి. ఇప్పటికే అందరికీ తెరుచుకుంటున్న ఫోల్డరులో జీతాల ఫైలు పెట్టి ఉంటే తప్పు అనుమతులది, వాటిని సరిచేయాలి. డిస్కు నిండిపోతుందనే భయం కూడా అక్కరలేదు. ఇండెక్స్ సాధారణంగా ఫైళ్ల పరిమాణంలో పదో వంతుకన్నా తక్కువే ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. అయితే 4 లక్షల ఫైళ్లు దాటితే వేగం తగ్గవచ్చని, 10 లక్షలు దాటితే ఇండెక్సరే విఫలం కావచ్చని కూడా ఆ కంపెనీయే చెబుతుంది, కనుక పాత బ్యాకప్‌లున్న ఫోల్డర్లకు టిక్కు తీసేయడం మేలు.

ఫైళ్లు నాస్ పెట్టెలో (నెట్‌వర్క్‌కు నేరుగా తగిలించే డిస్కుల పెట్టెలో) ఉంటే దారి వేరు. అందులో విండోస్ లేదు కాబట్టి విండోస్ ఇండెక్స్ కూడా ఉండదు. అక్కడ వెతికినప్పుడు సాధారణంగా ఎక్స్‌ప్లోరర్ పైనున్న గీత నెమ్మదిగా పాకుతూ ఉంటుంది, ప్రత్యేకంగా మార్చుకుంటే తప్ప ఫైలు పేర్లనే చూస్తుంది. నాస్ కంపెనీల్లో సైనాలజీకి యూనివర్సల్ సెర్చ్, క్యూనాప్‌కు క్యూసర్చ్ ఉన్నాయి, వాటిని వాడండి. పేరుతో దొరికితే చాలనుకుంటే ఎవ్రీథింగ్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఆ ఫోల్డరును చేర్చి, ఎంతసేపటికొకసారి మళ్లీ చూడాలో నిర్ణయించవచ్చు.

ఇవన్నీ సరిగా పెట్టాక కూడా కొన్ని ఫైళ్లు రావు. స్కాన్ చేసిన పట్టా పీడీఎఫ్‌లో ఉన్నది బొమ్మే గాని అక్షరాలు కావు, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చడం) చేయనిదే దానిలో వెతకడానికి ఏమీ ఉండదు. అనూ ఫాంట్లలో కొట్టిన తెలుగు దరఖాస్తులు, ఆకృతి ఫాంట్లలో కొట్టిన ఒడియా ఉత్తరాలు లోపల యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు కాబట్టి, మీరు యూనికోడ్‌లో టైపు చేసిన మాటకు అవి దొరకవు. వాటిని మార్చుకోవాలి, లేదా కనీసం ఫైలు పేరైనా ఇంగ్లిష్ అక్షరాల్లో తేదీతో సహా పెట్టుకోవాలి. ఆ పేరులో ఊరు కూడా రాసేటట్టయితే, పర్లాకిమిడి అనో పారలాఖెముండి అనో ఆఫీసులో అందరూ ఒకే స్పెల్లింగు వాడేలా ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే ఆ రెండూ ఒకే ఊరని సెర్చ్‌కు తెలియదు.