ఇంత ఎండలో ఉంటా డి విటమిన్ తక్కువ ఎట్టా అయ్యింది? తిరపతిలో జరిగిన రీసెర్చ్ కథ

మా పెద్దమ్మకి 62 ఏళ్ళు, చంద్రగిరి పక్కన పల్లె. పోయిన నెల నడుంనొప్పి అంటే తిరపతికి తీసుకొచ్చి చూపిస్తే టెస్టుల చీటీలో డి విటమిన్ కూడా రాసినారు, రిపోర్టులో 11 అని వచ్చింది (20 కంటే తక్కువ ఉంటే లోపం కింద లెక్క), వారానికొక పొడి పాకెట్ చొప్పున 8 వారాలు తాగమన్నారు. ఆమె అడిగింది ఒకటే మాట. "పొద్దస్తమానం చేన్లోనే ఉంటాను గదరా, నాకు ఎండ తక్కువెట్టా అయ్యింది?" నిజమే గదా అనిపించి రాత్రి కూచుని చదివితే, ఇదే ప్రశ్న పట్టుకుని ఇదే తిరపతిలో ఇరవై ఏళ్ళ కిందటే పెద్ద పనే చేసినారని తెలిసింది.

అసలు డి విటమిన్ కథ మొదలయ్యింది చలి దేశాల పిల్లల దగ్గర. పొగ పట్టిన ఊర్లలో పిల్లలకి కాళ్ళు దొడ్డికాళ్ళు అయిపోతా ఉంటే 1919లో బెర్లిన్‌లో హుల్ద్‌షిన్‌స్కీ అనే డాక్టరు అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టి నయం చేసినాడు, ఆ ఏడే ఇంగ్లండులో మెల్లన్‌బీ అనే ఆయన కుక్కపిల్లల మీద ప్రయోగం చేసి కాడ్ చేప నూనెతో ఆ జబ్బు రాకుండా ఆపొచ్చు అని చూపించినాడు, 1922లో మెక్‌కాలమ్ దానికి డి అని పేరు పెట్టినాడు. దాంతో ఇది ఎండ లేని దేశాల జబ్బు అని ముద్ర పడిపోయింది, మన డాక్టర్లు కూడా చాన్నాళ్ళు అదే నమ్మినారు. 2000లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు ఏ రోగమూ లేని మనుషుల రక్తం చూస్తే వాళ్ళలో కూడా తక్కువే ఉంది. సరే ఢిల్లీ అంటే పొగ, చలికాలం అనుకోవచ్చు, మరి తిరపతి సంగతేంది?

ఇక్కడ స్విమ్స్ పెద్దాసుపత్రిలో ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల జబ్బులు చూసిన డాక్టర్ హరినారాయణ్ టీమ్ ఆ పని మీద కూచునింది. 2005లో వచ్చిన పేపర్లో ముట్లు ఆగిపోయిన 164 మంది ఆడవాళ్ళని చూస్తే సరిపడా డి ఉన్నోళ్ళు 18 శాతమే, 30 శాతం మందికి బాగా తక్కువ, మిగతా 52 శాతం బొటాబొటి. ఆ వయసు ఆడవాళ్ళనే ఎందుకు చూసినారంటే, ముట్లు ఆగినాక ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పడిపోయి ఎముక గబగబా కరిగిపోతుంది, ఆ సంగతి 1941లోనే బోస్టన్ డాక్టరు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ పట్టుకున్నాడు. దీన్నే మనం బోలు ఎముకల వ్యాధి అంటాం. ఇక్కడ ఒక మాట, మా ఇంట్లో అందరూ ఇదీ మోకాళ్ళ నొప్పీ ఒకటే అనుకుంటారు, కాదు. అలిపిరి 3550 మెట్లెక్కేటప్పుడు పట్టేసే మోకాలు ఎక్కువగా కీలు అరుగుదల సంగతి, బోలుబారిన ఎముక మాత్రం విరిగేదాకా చప్పుడు చెయ్యదు, బాత్రూంలో జారి తుంటి విరిగితే అప్పుడు తెలుస్తుంది.

2008 పేపరు ఇంకా ఆశ్చర్యం. తిరపతి టౌన్లో ఉండేవాళ్ళనీ చుట్టుపక్కల పల్లెల్లో పొలం పని చేసేవాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూసినారు. 20 కంటే తక్కువ ఉంటే లోపం అని లెక్క. పల్లె మగవాళ్ళలో 44 శాతం, టౌన్ మగవాళ్ళలో 62 శాతం. అంటే ఎండ పని చేస్తా ఉంది, అది అబద్ధం కాదు. కానీ ఆడవాళ్ళ దగ్గరికొస్తే పల్లెలో 70, టౌన్లో 75. పంచె కట్టుకుని ఒళ్ళంతా ఎండకి పెట్టే మగమనిషికీ, చీర కొంగు తలమీద కప్పుకుని కలుపు తీసే ఆడమనిషికీ తేడా ఉంటుంది గదా, నాకైతే అట్లా అర్థమైంది.

అయినా ఎండ ఒక్కటే కాదంట. 2007లో వీళ్ళదే ఇంకో పేపరు తిండి మీద పడింది. టౌన్ అయినా పల్లె అయినా కాల్షియం తినేది రోజుకి ఉండాల్సిన దానికంటే తక్కువే, అది కూడా అప్పటి ఐసీఎంఆర్ (మన దేశ వైద్య పరిశోధన మండలి) లెక్క 400 మిల్లీగ్రాములే, 2010లో దాన్ని 600 చేసినారు, 2020లో 1000 చేసినారు, అంటే ఇప్పటి లెక్కలో మనం ఇంకా కిందికి పోయినట్టు. పైగా గింజల్లో పప్పుల్లో ఉండే ఫైటేట్ అనే పదార్థం తిన్న కాస్త కాల్షియంని కూడా పేగుల్లోనే కట్టేస్తుంది. కాల్షియం రాకపోతే గొంతు దగ్గర పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకలో దాచిపెట్టింది తీసి రక్తంలో పోస్తాయి, ఆ గోలలో ఒంట్లో డి విటమిన్ కూడా తొందరగా ఖర్చయిపోతుంది. కాబట్టి ఎండలో సంపాదించింది తిండి దగ్గర పోతుంది.

ఇది చదివినాక నాకు మా జేజి సంగటి గుర్తొచ్చింది. నూరు గ్రాముల రాగుల్లో 340, 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో 10కి అటూ ఇటూ. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినాక మా వైపు ఇళ్ళల్లో రాగిముద్ద పండగ వంటకం మాదిరి అయిపోయింది, పాలేమో పొద్దున్నే డెయిరీకి పోస్తారు, ఇంట్లో మిగిలేది కాఫీకి చాలినంత. బియ్యం తప్పని నేను అనను, ఆకలి తీర్చింది అదే. రాగుల్లోనూ ఫైటేట్ ఉంటుంది, అయితే రాత్రంతా పులియబెట్టే అంబలిలో అది కొంత తగ్గుతుంది, పేపర్లు చదవకుండానే మా జేజోళ్ళు చేసింది అదే.

ఇంక ఆ పొడి పాకెట్ల సంగతి. ఒక్కోదాంట్లో 60,000 యూనిట్లు, వారానికి ఒకటే, మాకు తెలిసినామె బలం వస్తుందని రోజూ తాగింది, అట్లా చేస్తే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకి ముప్పు. 2022లో అమెరికాలో 25 వేల మందికి పైగా మీద చేసిన వైటల్ అనే ట్రయల్ ఫలితం వచ్చింది, రోజూ 2000 యూనిట్లు ఇచ్చినా ఎముకలు విరగడం తగ్గలేదు. 2024లో అక్కడి హార్మోన్ల డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ అయితే ఆరోగ్యంగా ఉన్నోళ్ళకి ఊరికే ఈ టెస్టు చెయ్యొద్దు అనేసింది. దీన్ని పట్టుకుని మాత్రలన్నీ దండగ అని వాట్సాప్‌లో తిప్పుతా ఉన్నారు, అది తప్పు, ఆ ట్రయల్లో చాలామందికి ముందునుంచే డి సరిపడా ఉండేది, మా పెద్దమ్మ లాగా 11 కాదు.

చివరికి ఆమె అడిగినదానికి దగ్గరగా వచ్చే పని 2013లో వచ్చింది. హరినారాయణ్, బోస్టన్‌లో డి విటమిన్ మీద పేరున్న మైకేల్ హోలిక్ కలిసి, మన చర్మంలో ఉండే ముడిసరుకునే చిన్న గాజు ఆంప్యూళ్ళలో పోసి తిరపతి ఎండలో గంట గంటకీ పెట్టి ఎంత మారిందో కొలిచినారు. ఏడాది పొడుగునా ఎక్కువ తయారయ్యేది పగలు 11 నుంచి 2 దాకా. పొద్దునపూట లేత ఎండ మంచిదని మనం పిల్లల్ని కూచోబెడతామే, దాంట్లో పెద్దగా ఏం లేదు. ఇదంతా మా పెద్దమ్మకి చెప్పి, కొంగు తీసి చేతులు కాళ్ళు తగిలేటట్టు మధ్యాహ్నం కాసేపు ఎండలో కూచోమంటే ఆమె నన్ను ఎగాదిగా చూసి "ఆ టయానికి ఎనుములు కూడా చెట్టు కింద పండుకుంటాయి గదరా" అనింది.