ఏ కంపెనీ రెప్లికా అసలుకు దగ్గర? అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఎస్వీ యూనివర్సిటీలో చదివే ఒక కుర్రాడు రెండు లైట్‌సేబర్ పిడులను పాత టవల్లో చుట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు. లైట్‌సేబర్ అంటే స్టార్ వార్స్ సినిమాల్లో వెలుగే అలుగుగా ఉండే కత్తి. రెండూ ఆ సినిమాల హీరో ల్యూక్ నడుముకు వేలాడేదానికి నకళ్లే (రెప్లికాలే). ఒకటి లైసెన్సున్న కంపెనీది. రెండోది ఇంట్లో కూర్చుని చేతితో చేసే ఒక పనివాడిది. "అన్నా, రెండిట్లో ఏది కరెక్టు? రెండోదాన్ని అమ్మేస్తా" అన్నాడు.

నేను తిరుపతిలో ఇలాంటి సినిమా వస్తువుల నకళ్లకు రంగులు వేస్తాను, విరిగినవి బాగు చేస్తాను, కొనేముందు పోల్చి చూడమంటే చూసి చెబుతాను. మాది మాధవమాల. మా నాన్న అక్కడ కొయ్య విగ్రహాలు చెక్కేవారు. ఉలి పట్టుకోవడం, కొలత చూడడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ కుర్రాడు అడిగిన ప్రశ్నే వేర్వేరు రూపాల్లో చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నల వెనక ఉన్న కొన్ని నమ్మకాల వల్ల జనం డబ్బు పోగొట్టుకోవడం చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: సినిమాలో ఉన్న వస్తువు ఒక్కటే. దానితో సరిపోలనిది తప్పు రెప్లికా.

ఆ కుర్రాడి రెండు పిడులూ సరైనవే. ఒకటి 1977 సినిమాలోది, రెండోది 1980లో వచ్చిన తర్వాతి భాగంలోది. పిడి మధ్యలో ఉండే బిగింపు పట్టీ చూస్తే తేడా తెలిసిపోతుంది. 1977 నాటి దానిలో గాజు బుడగలు వరసగా పేర్చినట్టుండే ఒక చిన్న పట్టీ ఉంటుంది. అది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి పాత కాలిక్యులేటర్‌లో అంకెలు పెద్దగా కనబడడానికి పెట్టిన భాగం. 1980 నాటి దానిలో అదే చోట సర్క్యూట్ బోర్డు ముక్క ఉంటుంది. అమ్మేవాళ్లు రెండింటినీ 'ల్యూక్ సేబర్' అనే అంటారు. కొనేవాళ్లు రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకదాన్ని తప్పంటారు.

అసలు ఆ పిడి సినిమా కోసం తయారు చేసింది కానే కాదు. గ్రాఫ్లెక్స్ కంపెనీ పత్రికా ఫొటోగ్రాఫర్ల కెమెరాలకు చేసిన ఫ్లాష్ పిడి అది. లోపల మూడు పెద్ద బ్యాటరీలు పడతాయి. ఆ సినిమాకు సెట్ అలంకరణ పని చేసిన రోజర్ క్రిస్టియన్ లండన్‌లో ఒక కెమెరా షాపులో వీటిని చూసి, కింది భాగంలో నల్లటి రబ్బరు పట్టీలు అతికించి ఆయుధంగా మార్చాడు. విలన్ డార్త్ వేడర్ కత్తిది కూడా ఫ్లాష్ పిడే, కాకపోతే ఎంపీపీ అనే వేరే కంపెనీది. అదే సినిమాలో హాన్ సోలో అనే పాత్ర పట్టుకునే తుపాకీకి (ఇలాంటి తుపాకుల్ని బ్లాస్టర్ అంటారు) ఆధారం మౌజర్ సీ96 పిస్తోలు.

పోల్చేవాళ్లకు ఇది చాలా పెద్ద సాయం. మూల వస్తువు బయటి ప్రపంచంలో దొరుకుతుంది కాబట్టి దాన్ని కొలవొచ్చు. గొట్టం వ్యాసం ఎంత, ఎర్ర బటన్ ఎంత ఎత్తులో లేచి ఉంది, బిగింపు లివర్ ఎటు తిరిగింది, ఇవన్నీ వెర్నియర్ అనే కొలత పరికరంతో తేలిపోయే విషయాలు. సినిమా నుంచి తీసిన మసక ఫొటో పట్టుకుని గొడవ పడనక్కర్లేదు.

ఇంకో సంగతి. ఒకే సినిమాలో ఒకే వస్తువును రెండు మూడు రకాలుగా చేస్తారు. దగ్గరి షాట్‌కు వివరంగా చేసినదాన్ని హీరో ప్రాప్ అంటారు. కొట్టుకునే, దూకే, పడే సీన్లకు రబ్బరుతోనో తేలిక ప్లాస్టిక్‌తోనో చేసినది స్టంట్ ప్రాప్. ఒక కంపెనీ హీరో ప్రాప్‌కు, ఇంకో కంపెనీ స్టంట్ ప్రాప్‌కు నకలు తీస్తే రెండూ ఎలా ఒకేలా ఉంటాయి? అందుకే నా దగ్గరికి ఏది వచ్చినా ముందు అడిగేది ఒకటే: ఏ సినిమా, ఏ సీను?

అపోహ: లైసెన్సు ఉంటే కొలతలు కచ్చితం, లేకపోతే నాసిరకం.

లైసెన్సు అంటే ఆ పేరు పెట్టుకుని, ఆ బొమ్మ డబ్బా మీద వేసుకుని అమ్ముకునే అనుమతి. అది కొలతలకు హామీ కాదు. లైసెన్సుతోనే గొప్ప పని చేసినవాళ్లు ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన వాండ్ కంపెనీ 2016లో తెచ్చిన స్టార్ ట్రెక్ కమ్యూనికేటర్‌ను (ఆ టీవీ సీరియల్లో పాత్రలు మాట్లాడుకునే చేతి పరికరం), మిగిలి ఉన్న అసలు ప్రాప్‌ను 3డి స్కాన్ చేసి తయారు చేశారు. బ్లూటూత్‌తో ఫోన్‌కు కూడా కలుస్తుంది. అదే లైసెన్సుతో పిల్లల పార్టీ కోసం చేసే హెల్మెట్లు పెద్దవాళ్ల తలకు పట్టేలా సాగదీసి, ఉన్న వంపులు కూడా పోగొట్టినవి ఉంటాయి. రెండింటి మీదా హోలోగ్రామ్ స్టిక్కర్ ఒకేలా మెరుస్తుంది.

స్టార్ వార్స్‌లో తెల్ల కవచం వేసుకునే సైనికుల, అంటే స్టార్మ్‌ట్రూపర్ల హెల్మెట్ మీద, ఆ సినిమా తీసిన లూకాస్‌ఫిల్మ్ కంపెనీకి, ఆండ్రూ ఐన్స్‌వర్త్‌కు మధ్య కేసు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఐన్స్‌వర్త్ 1977 సినిమాకు ఆ హెల్మెట్లను అచ్చు పోసిన మనిషి. తర్వాత లైసెన్సు లేకుండా వాటి నకళ్లు అమ్మాడు. ఆ హెల్మెట్ కాపీరైటు చట్టంలో చెప్పే 'శిల్పం' కిందికి రాదని, సినిమా తయారీలో ఉపయోగపడే వస్తువు మాత్రమేనని 2011లో కోర్టు తీర్పు చెప్పింది. అది ఆ దేశపు చట్టం, ఇక్కడి వ్యాపారానికి నేరుగా వర్తించదు. నేను చెప్పేది కొలత గురించే. లైసెన్సు లేని చోట కూడా అసలు పనికి అంత దగ్గరగా ఉన్న చెయ్యి ఉండొచ్చు.

అపోహ: బరువుగా ఉంటేనే మంచి సరుకు.

ఇత్తడి బిందె కొనేటప్పుడు ఇది నిజం. ఇక్కడ కాదు. స్టార్మ్‌ట్రూపర్ హెల్మెట్ అసలుది పలుచని ప్లాస్టిక్. షీటును వేడి చేసి, అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి లాగేస్తే అచ్చుకు అతుక్కుని ఆ ఆకారం వస్తుంది. ముందు ముక్క, వెనక ముక్క కలిపి బిగిస్తారు. చెవుల దగ్గర అతుకు కనబడుతుంది, అంచు కత్తిరించిన తీరు కూడా కనబడుతుంది. మందంగా, నున్నగా, అతుకు లేకుండా వచ్చిందంటే అది చూడడానికి బాగుండొచ్చు గానీ అసలుకు దూరం.

కొందరు రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) పిడి లోపల ఇనుప కడ్డీ పెట్టి బరువు పెంచుతారు. దాన్ని కనిపెట్టడం తేలిక. వస్తువును ఒక వేలి మీద అడ్డంగా నిలబెట్టండి. ఎక్కడ నిలబడిందో ఆ చోటు అసలు మెటల్ వస్తువులో నిలబడే చోటుతో కలవదు.

అపోహ: కుడి ఎడమలు సమానంగా ఉంటేనే పని తెలిసినవాడు చేసినట్టు.

ఈ అపోహతో నేనే ఒకరి వస్తువు పాడు చేశాను. మాధవమాలలో విగ్రహం మొదలుపెట్టేముందు కొయ్య మీద నడిమి గీత గీస్తారు. ముక్కు ఆ గీత మీదే లేవాలి, రెండు చెంపలూ దానికి సమాన దూరంలో రావాలి. చిన్నప్పటి నుంచి నా కన్ను అలాగే తయారైంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు చిత్తూరు నుంచి ఒకాయన డార్త్ వేడర్ ముసుగు తెచ్చి, కొత్త రంగు వేయమని ఇచ్చారు. బల్ల మీద పెట్టి చూస్తే ఒక చెంప కాస్త ఉబ్బుగా, ఇంకోటి కాస్త లోతుగా ఉంది. ఒక కన్ను ఇంకోదానితో కలవడం లేదు. మోల్డ్ వంకర పోయిందనుకున్నాను. రెండు రోజులు కూర్చుని పుట్టీ పెట్టి, ఎమ్రీ పేపర్‌తో రుద్ది రెండు వైపులా సమానం చేశాను. మీద నిగనిగలాడే నలుపు ఒకటే కొట్టి, సంతోషంగా ఇచ్చాను.

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "దీనికోసం మూడేళ్లు వెతికాను బాబూ" అన్నారు అంతే.

1977 నాటి వేడర్ ముసుగును బ్రయాన్ ముయిర్ అనే శిల్పి మట్టితో, చేత్తో మలిచాడు. కుడి ఎడమలు సమానంగా లేవు. ఆ తేడానే ఆ ముఖానికి ప్రాణం. రంగు కూడా ఒకటే నలుపు కాదు. నలుపు ఒకచోట, ముదురు బూడిద రంగు ఇంకోచోట వేశారు. లైటు పడినప్పుడు చెంపల లోతు కనబడేది దానివల్లే. సమానంగా ఉండే వేడర్ కూడా ఉన్నాడు. 2005 సినిమాకు ఆ ముసుగును రెండు వైపులా ఒకేలా ఉండేట్టు కొత్తగా చేశారు. కాబట్టి సమానంగా ఉన్న రెప్లికాకు 1977 పేరు పెట్టి అమ్మితే అప్పుడు ప్రశ్నించాలి. నేను పెట్టిన పుట్టీ మాత్రం తిరిగి తీయలేకపోయాను. డబ్బు తీసుకోలేదు. అప్పటి నుంచి ఎవరి వస్తువు వచ్చినా ముందు నాలుగు వైపులా ఫొటో తీసి, అసలు ఏదో తెలుసుకుని, తర్వాతే ఎమ్రీ పేపర్ ముట్టుకుంటున్నాను.

అపోహ: అచ్చు మీద అచ్చు తీసినా వస్తువు అదే కదా.

కాదు. ఒకరు చేసిన రెప్లికాను కొని, దాని మీద సిలికాన్ మోల్డ్ పోసి, మళ్లీ రెజిన్ పోసి సగం ధరకు అమ్మడాన్ని మా వాళ్లు రీక్యాస్ట్ అంటారు. రెజిన్ గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. సిలికాన్ కూడా రకాన్ని బట్టి కుదించుకుంటుంది, టిన్ రకం ఎక్కువ, ప్లాటినం రకం చాలా తక్కువ. ఒక్కో తరానికి అర శాతం పోయిందనుకోండి, 20 సెంటీమీటర్ల వస్తువు మూడు తరాలు దాటేసరికి దాదాపు 3 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కంటికి తెలియదు. అసలు స్క్రూ తెచ్చి బిగించబోతే రంధ్రం సరిపోదు, అప్పుడు తెలుస్తుంది.

బ్లేడ్ రన్నర్ పిస్తోలు విషయంలో ఇది బాగా చూశాను. 1982 సినిమాకు ఆ పిస్తోలును స్టెయిర్ మాన్లిషర్ రైఫిల్ భాగాలు, చార్టర్ ఆర్మ్స్ బుల్‌డాగ్ రివాల్వర్ కలిపి చేశారు. తేనె రంగు పారదర్శక పిడి, పక్కన చిన్న లైట్లు. చాలా ఏళ్లు ఫొటోలు, సినిమా ఫ్రేములు చూసే నకళ్లు చేశారు. 2006లో కాలిఫోర్నియాలో జరిగిన వరల్డ్‌కాన్ అనే సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభలో అసలు హీరో ప్రాప్ బయటపడింది. 2009 వేలంలో 2,70,000 డాలర్లు పలికింది. దగ్గరి నుంచి తీసిన ఫొటోలు వచ్చాక మంచి పనివాళ్లంతా తమ మోల్డులు దిద్దుకున్నారు. పాత దాని మీదే అచ్చులు తీస్తూ పోయినవాళ్ల సరుకులో మాత్రం పాత తప్పులు అలాగే ఉన్నాయి, పైగా సైజు తగ్గింది.

రీక్యాస్ట్‌ను పట్టుకోవాలంటే భూతద్దంతో స్క్రూ తల చూడండి. స్క్రూడ్రైవర్ పెట్టే గాడి అంచు పదునుగా ఉందా, సబ్బు అరిగినట్టు గుండ్రంగా ఉందా? గాడిలో రెజిన్ బుడగ కూర్చుందా? ఆ ఒక్క స్క్రూ చాలు.

అపోహ: 3డి ఫైలు కరెక్టుగా ఉంటే ఎక్కడ ప్రింట్ చేసినా ఒకటే.

ఫైలు ఒకటే అయినా ప్లాస్టిక్ ఒకటి కాదు. ఎక్కువమంది వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ దాదాపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది. మే నెలలో తిరుపతిలో అద్దాలు మూసిన కారు ఎండలో నిలిపితే లోపల అంత వేడి రావడం పెద్ద విషయం కాదు. కపిలతీర్థం దగ్గర కారు ఆపి దర్శనానికి వెళ్లొచ్చేసరికి వెనక సీట్లో ఉన్న బ్లాస్టర్ గొట్టం అరటి కాయలా వంగిపోయిందని ఒకతను ఏడుపు ముఖంతో వచ్చాడు. "ఏందన్నా ఇట్లయిపోయింది" అంటాడు. దాన్ని మళ్లీ నిలబెట్టలేం, కొత్తది ప్రింట్ చేయాల్సిందే. మన ఊరికి ఏబీఎస్ అనే ప్లాస్టిక్ మేలు, అది దాదాపు 100 డిగ్రీల దాకా ఆగుతుంది. వేరే రాష్ట్రం నుంచి ఆర్డర్ పెడుతుంటే ఏ ప్లాస్టిక్ అని అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

అపోహ: పాతబడినట్టు రంగు పోయి ఉంటే అసలులా ఉంటుంది.

రంగు ఎక్కడ పోయింది అన్నది ముఖ్యం. కొండకు వెళ్లే సప్తగిరి బస్సులో మెట్టు దగ్గరి కడ్డీని చూడండి. చెయ్యి పడే ఎత్తులోనే తళతళలాడుతుంది, పైనా కిందా రంగు అలాగే ఉంటుంది. పిస్తోలు కూడా అంతే. ఒరలో రాసుకునే గొట్టం కొస, బొటనవేలు ఆనే చోటు, పిడి అంచు అరగాలి. అన్ని వైపులా సమానంగా వెండి రంగు చల్లి ఉంటే అరుగుదల పేరుతో ఎమ్రీ పేపర్‌తో సరిగా రుద్దని పనిని దాచారేమో అని చూస్తాను. చాలాసార్లు కింద 3డి ప్రింట్ పొరల గీతలు దొరుకుతాయి.

అపోహ: ఇది బొమ్మే కదా, ఎవరూ ఏమీ అనరు.

బొమ్మని మీకు తెలుసు, స్కానర్ ముందు కూర్చున్న మనిషికి తెలియదు. రేణిగుంటలో విమానం ఎక్కేటప్పుడు తుపాకీ ఆకారపు నకలును చేతి బ్యాగులో పెట్టుకోవద్దు. అలిపిరి చెక్‌పోస్టులో ప్రతి బండినీ, ప్రతి బ్యాగునూ చూస్తారు. నాకు చూపించడానికి బ్లాస్టర్ తెచ్చి, అటు నుంచి అటే దర్శనానికి వెళ్దామనుకునేవాళ్లు దాన్ని నా దగ్గరే వదిలి వెళ్లండి. బీరువాలో పెట్టి తాళం వేస్తాను, దిగొచ్చాక తీసుకోవచ్చు.