ఫిడిక్ కాంట్రాక్టులు: అపోహలు - వాస్తవాలు

నిర్మాణ కాంట్రాక్టుల నిర్వహణ నా వృత్తి. అంతర్జాతీయ ప్రామాణిక కాంట్రాక్టులు ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్న మార్కెట్లలో కొన్ని మాటలు పదే పదే వినబడతాయి. పని చేయించే సంస్థలు ఒక రకంగా, స్థానిక కాంట్రాక్టర్లు మరో రకంగా మాట్లాడతారు గానీ, అవి చాలావరకు పుస్తకం తెరవకుండా ఏర్పరచుకున్న అభిప్రాయాలే. నేను ఎక్కువగా చూసేవి ఫిడిక్ అనే అంతర్జాతీయ సమాఖ్య ప్రచురించే ప్రామాణిక కాంట్రాక్టులు కాబట్టి ఉదాహరణలు కూడా అక్కడివే ఇస్తున్నాను.

అపోహ: ఇవి విదేశీ కంపెనీలకు మేలు చేయడానికి రాసినవి.

విదేశీ వాసన ఉందనడం అబద్ధం కాదు. ఫిడిక్ 1913లో ఏర్పడిన కన్సల్టింగ్ ఇంజినీర్ల సంఘాల సమాఖ్య. 1957లో వచ్చిన తొలి రెడ్ బుక్ (పని చేయించే సంస్థ ఇచ్చే డిజైను ప్రకారం కట్టే పనులకు ఫిడిక్ రాసిన ప్రామాణిక కాంట్రాక్టు) అప్పటి ఇంగ్లండు సివిల్ ఇంజినీరింగ్ కాంట్రాక్టు ఒరవడిలోనే సాగింది. కానీ ఎవరికి మేలు అన్నది చెల్లింపుల క్లాజు చదివితే తెలుస్తుంది. 1999లో వచ్చిన రెడ్ బుక్ కూర్పు ప్రకారం కాంట్రాక్టరు నెలవారీ బిల్లు, దాని ఆధారాలు ఇంజినీరుకు (కాంట్రాక్టును నడిపించడానికి పని చేయించే సంస్థ నియమించే వ్యక్తికి) అందిన 56 రోజుల్లోగా డబ్బు రావాలి. రాకపోతే వడ్డీ నడుస్తుంది, దానికి విడిగా నోటీసు కూడా అక్కర్లేదు. 21 రోజుల ముందు నోటీసు ఇచ్చి పని ఆపే హక్కు కూడా ఉంది. పెద్ద విదేశీ కంపెనీ నాలుగు నెలలు బిల్లు రాకపోయినా నిలదొక్కుకుంటుంది. కూలి డబ్బులకు అప్పు చేసే స్థానిక కాంట్రాక్టరు నిలబడలేడు. ఈ క్లాజులు ఎక్కువ అవసరమైనది అతనికే, వాటిని వాడుకోవడానికి వెనకాడేదీ అతనే.

అపోహ: నోటీసు ఇవ్వడమంటే గొడవకు దిగడం.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. డ్రాయింగులు ఆలస్యమవుతాయి, స్థలం సగమే అప్పగిస్తారు. సైటులో అందరికీ ఆ సంగతి తెలుసు. "మనలో మనకు నోటీసులేమిటి, చివర్లో చూసుకుందాం" అంటారు పెద్దలు. ఆ చివర వచ్చేసరికి ఆ పెద్దలు బదిలీ అయి ఉంటారు. కొత్తగా వచ్చిన అధికారి ముందు పెట్టడానికి కాగితం ఉండదు.

సంఘటన తెలిసిన నాటి నుంచి, లేదా తెలిసి ఉండవలసిన నాటి నుంచి, 28 రోజుల్లోగా నోటీసు ఇవ్వకపోతే అదనపు గడువూ, అదనపు డబ్బూ అడిగే హక్కు పోతుందని 1999 కూర్పు చెబుతుంది. కొన్ని దేశాల న్యాయస్థానాలు ఈ నిబంధనను అంత కఠినంగా అమలు చేయకపోవచ్చు. ఆ ఆశతో నెలలు గడిపేయడం మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను. 2017 కూర్పు ఇదే 28 రోజుల గడువును పని చేయించే సంస్థకూ వర్తింపజేసింది. ఆ సంగతి చెప్పినప్పుడు సమావేశంలో ఎదుటి పక్షం ముఖాలు చూడాలి!

నోటీసులో లెక్కలు అక్కర్లేదు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, దాని ఆధారంగా క్లెయిమ్ వేయబోతున్నాం అన్న నాలుగు వాక్యాలు చాలు. వివరమైన లెక్కలకు 1999లో 42 రోజులు, 2017లో 84 రోజులు ఇచ్చారు. సమావేశపు మినిట్స్‌లో రాశాం కదా అనే వాదన 2017 కూర్పులో నిలవదు. అది నోటీసు అని కాగితం మీదే గుర్తించి పంపాలి. ఇంకో మాట: నోటీసు వల్ల ఎక్కువ లాభపడేది పని చేయించే సంస్థే. డ్రాయింగు ఆలస్యం సంగతి మూడో వారంలో తెలిస్తే సరిచేసుకోవచ్చు, మూడో ఏట తెలిస్తే డబ్బు కట్టడం తప్ప మార్గం లేదు.

అపోహ: ఇంజినీరుకు జీతమిచ్చేది యజమాని, కాబట్టి న్యాయం జరగదు.

సగం నిజం. ఇంజినీరు నిర్ణయాలు న్యాయంగా ఉండాలని 1999 కూర్పే కోరింది. 2017లో ఇంకాస్త గట్టిగా, నిర్ణయం చేసే సమయంలో ఇంజినీరు తటస్థంగా ఉండాలని రాశారు. ఇరుపక్షాలనూ ఒప్పించడానికి 42 రోజులు, అది కుదరకపోతే నిర్ణయం చెప్పడానికి మరో 42 రోజులు.

నేను గమనించినంతలో అసలు అడ్డంకి ఆడిట్ భయం. కాంట్రాక్టరుకు అదనంగా ఇవ్వవలసిందేనని తెలిసినా సంతకం పెట్టడానికి అధికారి జంకుతాడు. రేపు ఆక్షేపణ వస్తే జవాబు చెప్పుకోవలసింది అతనే. అదే ఆర్బిట్రేషన్‌లో ఓడి, వడ్డీతో కలిపి రెట్టింపు కట్టినా ఎవరూ అతన్ని వేలెత్తి చూపరు. ఇరుపక్షాలూ కలిసి నియమించుకునే వివాద పరిష్కార బోర్డు ఈ చిక్కుకు మంచి మందు. పని మొదలయ్యేటప్పుడే బోర్డును నియమిస్తే, వివాదం తన ముందుకు వచ్చిన 84 రోజుల్లో నిర్ణయం ఇస్తుంది. తర్వాత ఆర్బిట్రేషన్‌కు వెళ్లినా ఆ నిర్ణయాన్ని ముందు పాటించాలి. ఇండోనేసియాలోని ఒక గ్యాస్ పైపులైను పనిలో బోర్డు 2008లో ఇచ్చిన నిర్ణయాన్ని వెంటనే అమలు చేయించవచ్చా అన్న ప్రశ్న సింగపూర్ కోర్టుల్లో 2015 దాకా నలిగింది. 1999 పాఠంలోని ఆ లొసుగును 2017 కూర్పులో పూడ్చారు. అయినా ఖర్చు మిగిలిందని సంబరపడుతూ బోర్డు క్లాజును కొట్టేసే టెండర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.

అపోహ: మనకు నచ్చని క్లాజులు తీసేస్తే సరిపోతుంది.

ప్రామాణిక పాఠానికి జతచేసే ప్రత్యేక షరతుల ద్వారా మార్పులు చేసుకోవచ్చు, కొన్ని చేయక తప్పదు కూడా. కానీ ఊహించలేని భూగర్భ పరిస్థితుల క్లాజును కొట్టేస్తే నేల కింది రాయి మాయం కాదు. అనుభవమున్నవాళ్లు ఆ రాయిని ధరలో కలుపుతారు, లేనివాళ్లు తక్కువకు కోట్ చేసి పని మధ్యలో వదిలేస్తారు. ఇలాంటి కోతలు మితిమీరడం చూసే ఫిడిక్ 2019లో అయిదు మూల సూత్రాలు ప్రకటించి, వాటిని దాటవద్దని కోరింది.

క్లాజును అలాగే ఉంచి చంపేసే పద్ధతి కూడా ఉంది. పని మధ్యలో ధరలు మారితే చెల్లింపును సవరించే సూత్రానికి ధరల సూచీల పట్టిక జతచేయకపోతే ఆ క్లాజు వర్తించదని 1999 పాఠమే అంటుంది. పట్టికను ఖాళీగా వదిలేసిన టెండర్లు కోకొల్లలు. స్థానికంగా ఉక్కుకు, తారుకు నమ్మదగిన సూచీ ప్రచురణలో ఉందో లేదో చూసుకోవలసింది టెండరు పిలవకముందే.

అపోహ: సిల్వర్ బుక్ తీసుకుంటే ధర స్థిరం, తలనొప్పి ఉండదు.

సిల్వర్ బుక్ అంటే డిజైను, నిర్మాణం, చాలావరకు రిస్కులు కాంట్రాక్టరే ఒక స్థిర ధరకు మోసే ఒప్పందం. టెండరు వేసేవారికి తగిన సమయం, సమాచారం లేకపోయినా, భూగర్భ పని ఎక్కువగా ఉన్నా అది తగదని ఆ పుస్తకం ముందుమాటలోనే రాసి ఉంది. ముందుమాట ఎవరు చదువుతారు? సొరంగాల వంటి పనుల కోసం 2019లో విడిగా ఎమరాల్డ్ బుక్ వచ్చింది.

అపోహ: అంతర్జాతీయ కాంట్రాక్టు కాబట్టి స్థానిక చట్టం పక్కకు తప్పుకుంటుంది.

తప్పుకోదు. ఫ్రెంచి న్యాయ సంప్రదాయాన్ని అనుసరించిన అనేక దేశాల్లో నిర్మాణ లోపాలకు పదేళ్ల బాధ్యత ఉంది. లోపాల సవరణ గడువు ఏడాది అని మీరు ఎంత స్పష్టంగా రాసుకున్నా అది పోదు.

అపోహ: చిన్న పనులకు ఇవన్నీ దండగ.

రెడ్ బుక్ దండగ కావచ్చు. అందుకే చిన్న పనుల కోసం ఫిడిక్ గ్రీన్ బుక్ ఉంది, అది పలచటి పుస్తకం. కొత్త మార్కెట్లో తొలి అడుగు పెద్ద రుణంతో కట్టే ఆనకట్ట మీద కాకుండా, ఇలాంటి మామూలు పని మీద వేయడమే నయం. నోటీసులు, బిల్లుల గడువులు రెండు పక్షాల గుమాస్తాలకూ అక్కడే అలవాటవుతాయి.