సి చేతికిచ్చిన పాయింటరు: వివాదం వెనుక 2016 నాటి నియమం

విశాఖ రుషికొండ ఐటీ కొండ మీద గో అనే ప్రోగ్రామింగ్ భాషలో సర్వర్లు రాసే ఇంజినీర్ల మధ్య పాత వాదన మళ్లీ రాజుకుంది. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ వంటి, సి భాషలో రాసిన లైబ్రరీకి గో మెమరీలోని పాయింటరును, అంటే డేటా ఉన్న చోటి చిరునామాను, నేరుగా ఇవ్వవచ్చా, లేక ముందుగా సి మెమరీలోకి కాపీ చేసి ఇవ్వాలా అన్నదే వివాదం. సి పుట్టుక, పాయింటర్ల పాఠం అందరికీ తెలిసినవే కనుక వాటిని వదిలి నేరుగా 2016 ఫిబ్రవరికి వస్తున్నాను.

ఆ నెలలో వెలువడిన గో 1.6, అప్పటిదాకా అలవాటు మీద నడిచిన వ్యవహారానికి కచ్చితమైన నియమాలు పెట్టింది. గో మెమరీ చిరునామాను సి ఫంక్షన్‌కు ఇవ్వవచ్చు గానీ ఆ మెమరీలో మరో గో పాయింటరు ఉండకూడదు. పని ముగించి ఫంక్షన్ తిరిగి వచ్చాక సి ఆ చిరునామాను అట్టిపెట్టుకోకూడదు. మొదటి షరతు తప్పితే, ప్రోగ్రాము వెంట నడిచే గో సహాయక కోడు అయిన రన్‌టైమ్ పట్టుకుని ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపేస్తుంది. రెండోదాన్ని పట్టుకునే తనిఖీ లేదు, ఎందుకంటే సి లోపల ఏం దాచుకుందో గోకు కనిపించదు. అంతకు ముందే, 2014లో, గోరూటీన్ల (గోలో ఒకేసారి నడిచే పనుల) స్టాకులు, అంటే వాటి తాత్కాలిక మెమరీ, పెరిగినప్పుడు కొత్త చోటికి తరలే పద్ధతి వచ్చింది. 2015లో, వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ ప్రోగ్రాముతో పాటే నడవసాగింది. సి పట్టుకున్న చిరునామాలోని డేటా దానికి తెలియకుండా కదలవచ్చు, లేదా ఖాళీ కావచ్చు కనుక ఆ మార్పుల తర్వాత ఈ షరతులు తప్పనిసరి అయ్యాయి.

హీపులోని (స్టాకు బయటి మెమరీలోని) వస్తువులను గో నేడు కదపదనీ, పెద్ద డేటాకు కాపీ బరువనీ, 2023లో గో 1.21తో వచ్చిన పిన్నర్ (డేటాను కదలకుండా, ఖాళీ కాకుండా పట్టి ఉంచేది) చాలుననీ నేరుగా ఇవ్వవచ్చనే పక్షం అంటోంది.

కాపీ కోరేవారి వాదన ఇంకా లోతైనది. సి టైపు చూస్తే మెమరీకి యజమాని, అంటే దాన్ని ఫ్రీ చేసి వదిలేయాల్సినవారు, ఎవరో తెలియదు: స్ట్ర్‌డప్, గెట్‌ఎన్వ్ అనే సి ఫంక్షన్లు రెండూ చార్ స్టార్‌నే (అక్షరాల చిరునామానే) ఇస్తాయి, మొదటిదాన్ని మనం ఫ్రీ చేయాలి, రెండోదాన్ని ముట్టుకోకూడదు. ఎస్‌క్యూలైట్ మాత్రం ఆ సంగతి బయటికి చెబుతుంది. టెక్స్టును బైండ్ చేసే, అంటే క్వెరీకి జత చేసే, ఫంక్షన్ చివరి ఆర్గ్యుమెంటులో ట్రాన్సియెంట్ అంటే అది వెంటనే సొంత కాపీ చేసుకుంటుంది. స్టాటిక్ అంటే మన చిరునామానే నమ్ముకుని, తర్వాత క్వెరీని నడిపే స్టెప్ పిలిచినప్పుడు చదువుతుంది.

ఇప్పటి వివాదంలోని కోడు స్టాటిక్ వాడి, టెక్స్టును పిన్ చేసి, బైండ్ చేసే గో ఫంక్షన్‌లోనే అన్‌పిన్‌ను డిఫర్‌లో (ఆ ఫంక్షన్ ముగిసేటప్పుడు నడిచేలా) పెట్టింది. అంటే స్టెప్ మొదలయ్యేలోపే పిన్ ఊడిపోతుంది, ఆ చిరునామాలో టెక్స్టు ఇంకా ఉంటుందన్న హామీ పోతుంది. అన్‌పిన్‌ను స్టేట్‌మెంటు (సిద్ధం చేసిన క్వెరీ) ఫైనలైజ్ అయ్యాకకు, అంటే దాన్ని ముగించి వదిలేశాకకు, జరపాలి, లేదా ట్రాన్సియెంట్‌కు మారాలి. చిన్న స్ట్రింగులకు రెండో దారే క్షేమమని నా అభిప్రాయం.